సెలవు

తెనుగున సెలవు అను మాట యొకటి కలదు. అనుజ్ఞ యని దాని కొక యర్థము. పనినుండి విడుదల యని మరియొక యర్థము. వ్యయమని వేరొక యర్థము. "ఇన్ని రూకలు సెలవయినవి" అని వెనుకటివారు వ్రాయుట కలదు. ఈ యర్థములను మేము బాల్యముననే నిఘంటువులలో చదివితిమి. ఇరువది యేండ్లుగా బాలురకు చెప్పుచునే యున్నాము. కాని విడుదలయు వ్యయమును ఒక్క మాటలో ఎందులకు కాపురముండవలసి వచ్చెనో గడచిన శీతకాలము వరకు మే మెన్నడును ఆలోచింపలేదు. ఆ కాలమున మాకు కలిగిన యనుభవమును, దానివలన పుట్టిన ధర్మసంశయమును చదువరుల యెదుట నుంచుట యీ వ్యాసముయొక్క ప్రయోజనము.

విదేశములందు తెలుగు నేర్పువారికి బోధనాపద్ధతులను గూర్చి నాలుగు మాటలు చెప్పుటకై ఆ శీతకాలమున మాకు మూడు చోట్లనుండి పిలుపు వచ్చెను. మొదట మారిషస్ ద్వీపము, పిమ్మట సింగపూరు, కడపట దుబాయి. రాకపోకల కర్చులును, బసయు, భోజనమును పిలిచినవారివే. మేము పాఠశాలకు సెలవు పెట్టితిమి. మా తోడి యుపాధ్యాయు డొకడు తన విరామపు గంటలను వదలుకొని మా తరగతులను నడపుటకు ఒప్పుకొనెను. ఆయనకు నమస్కరించి బయలుదేరితిమి. విమాన మెక్కిన పిదప ఆయనను మరచితిమి. "పని యన్నది పేరు, విహార మన్నది ఫలము. అదృష్టవంతులు మీరు" అని మిత్రులనిరి. మేమును నవ్వి యూరకుంటిమి.

మారిషసులో మా సభలు సముద్రతీరమున నున్న యొక విహారగృహమున జరిగినవి. పగడపు దిబ్బలు అలల వేగమును దూరముననే ఆపుటచేత ఆ తీరమున నీరు కొలనువలె నిలుకడగా నుండును. మేము వేకువనే లేచు నలవాటు గలవారము. మొదటినా డట్లు లేచి చూడగా కొందరు పనివారు మసక వెలుతురులో నిసుకపై చేరిన నాచును ఏరి, ముందునాటి యడుగుల జాడలను దంతెవంటి సాధనములతో చెరిపి చదును చేయుచుండిరి. సూర్యు డుదయించునప్పటికి వారు లేరు. ఆ తీరమును అంతకుముందు మనుష్యు డెవ్వడును త్రొక్కలేదో యనునట్లుండెను. సేవ కనబడవలెను గాని సేవకుడు కనబడరాదని అచటి నియమము కాబోలు ననుకొంటిమి. అది మంచి యేర్పాటు గానే మాకు తోచెను.

సభలు ముగిసినపిదప ఆతిథేయులు మమ్ము పోర్ట్ లూయీ నగరమందలి ఆప్రవాసీ ఘాటునకు కొనిపోయిరి. 1835లో ఆ ద్వీపమున బానిసత్వము రద్దయ్యెను. చెరకుతోటల దొరలకు కూలీలు కావలసివచ్చెను. 1834 మొదలు ఇరువదవ శతాబ్దారంభము వరకు ఒడంబడిక కూలీలుగా అచటికి వచ్చినవారు దాదాపు 5 లక్షలు. వారిలో నధికసంఖ్యాకులు మన దేశమువారే. ఓడ దిగినవారు ఎక్కిన 16 రాతిమెట్లు నేటికిని నిలిచియున్నవి. 2006లో ఆ స్థలమును ప్రపంచ వారసత్వ స్థలములలో చేర్చిరి. గోదావరీ సముద్రసంగమమునకు చేరువనున్న కోరంగి రేవు పేరనే అచటి తెలుగువారికి "కోరింగీలు" అను నామము వచ్చినది.

అచట మేము వినిన సంగతులలో నొకటి మా మనస్సున గ్రుచ్చుకొనెను. కూలి యొకనాడు పనికి రాకున్న ఆనాటి కూలియే కాక మరియొకనాటి కూలిని కూడ తోటదొర కోసికొనుట యుండెడిదట. దానికి "డబుల్ కట్" అని పేరు. జ్వరమున నొకనాడు పడుకొనినవాడు రెండునాళ్ల శ్రమను పోగొట్టుకొనును. విశ్రమించినందులకు వాడు విశ్రాంతికి రెట్టింపు వెల యిచ్చుకొనవలెను. ఆ మెట్లపై నిలిచి మేము కన్నుల నీరు పెట్టుకొంటిమి. అట్టివారి సంతతి నేడు అచట తెలుగు చదువుచున్నది. ఉగాదినాడు ఆ దేశమున కంతటికిని సెలవు. ఒక్కనాటి సెలవునకు నోచుకొననివారి మునిమనుమల పండుగకు దేశమంతయు సెలవు తీసికొనుచున్నదని తలచి మురిసితిమి. ఆ రాత్రి విహారగృహమునకు మరలివచ్చి కడుపునిండ భోజనము చేసితిమి. వడ్డించినవాని పేరు మే మడుగలేదు.

సింగపూరులో నొక తెలుగు గృహస్థు నింట బసచేసితిమి. ఆ యింట వంటకును పిల్లల నరయుటకును ఫిలిప్పీను దేశపు స్త్రీ యొకతె యుండెను. ఆదివారమునాడు ఆమె చక్కని దుస్తులు ధరించి ఉదయముననే వెడలిపోయెను. ఇంటి యిల్లాలు తానే అట్లు పోసి పెట్టెను. మేము కారణ మడుగగా, ఇండ్లలో పనిచేయు విదేశస్త్రీలకు వారమున కొకనాడు విశ్రాంతి యీయవలెనని 2013 మొదలుకొని అచట నిబంధన కలదనియు, ఆమె యంగీకరించి పనిచేసినచో ఆనాటికి వేరుగ వేతన మీయవలెననియు, 2023 నుండి నెలకు ఒక్కనాడైనను డబ్బిచ్చి తప్పించుకొనుటకు వీలులేదనియు గృహస్థు చెప్పెను. "ఇక్కడ చట్టం గట్టిది మాస్టారూ" అని నవ్వెను. మేము చాల మెచ్చుకొని ఆ సంగతిని మా పుస్తకమున వ్రాసికొంటిమి. మా యింటి సంగతి మాత్రము ఆ క్షణమున మాకు జ్ఞప్తికి రాలేదు.

పిమ్మట దుబాయి. మేము దిగిన వసతిగృహపు కిటికీనుండి 828 మీటరుల బుర్జ్ ఖలీఫా కనబడుచుండెను. 2010లో ప్రారంభమైన ఆ కట్టడమును చూచి ఆశ్చర్యపడనివా రుండరు. ఆ దేశమున నివసించువారిలో పదింట తొమ్మిదవ వంతునకు సమీపముగ పరదేశీయులే. మన నిజామాబాదు, కరీంనగరు ప్రాంతములనుండి పోయి ఆ యెడారి దేశములలో చెమటోడ్చువారిని గూర్చి వినని తెలుగువా డుండడు. మేమును వినియే యుంటిమి.

రెండవనా డుదయమున మా గదిలో స్నానశాల నేల తడిగా నుండి మేము జారిపడబోతిమి. తువాళ్లు మార్పుమని తెల్లవారి చెప్పినది సాయంకాలమునకును జరుగలేదు. ఆ రాత్రి మా సెల్‌ఫోనునకు వసతిగృహమువారి యభిప్రాయపత్ర మొకటి వచ్చెను. గది శుభ్రతకు ఐదు నక్షత్రములలో నెన్ని యిత్తురని యందులో ప్రశ్న. ఏండ్ల తరబడి బాలుర కాగితములు దిద్దినవారము. మా చేతికి మార్కులు వేయుట సహజము. రెండిచ్చి, కారణములను వరుసగ వ్రాసి పంపితిమి. వ్రాసినదంతయు నిజము. ఒక్క యక్షరమైనను అధికముగ వ్రాయలేదు.

మరునా డొక పనివాడు తలుపు తట్టి లోపలికి వచ్చి, తలవంచి, హిందీలో క్షమాపణ చెప్పుకొనెను. అంతలో మా యింటినుండి ఫోను రాగా మేము తెలుగున మాటలాడితిమి. అతని ముఖము మారెను.

"సారూ, మీరు తెలుగోళ్ళా? మాది జగిత్యాల దిక్కు" అనెను.

మేము కూర్చుండుమంటిమి, అతడు కూర్చుండలేదు. మొన్న ఏమి జరిగినదని యడిగితిమి.

"ఇద్దరికి జరమొచ్చి రాలే సారూ. ఆల్ల రూములు గూడ నామీదనే పడ్డయి. జర ఆల్శమైంది. తప్పు నాదే."

మా పత్రమువలన నేమైనదని యడిగితిమి. చెప్పుటకు మొదట నతని కిష్టము లేకపోయెను. కడకు, "ఈ నెల బోనసు పోతది, గంతే సారూ. మీరేం రంది పెట్టుకోకుండ్రి" అనెను.

మేము వెంటనే క్రిందికి దిగి అధికారిని కలిసికొని, మా పత్రమును వెనుకకు తీసికొందుమని చెప్పితిమి. అతడు మిక్కిలి మర్యాదతో, "మీరు వ్రాసినది అబద్ధమా?" అని యడిగెను. కాదంటిమి. "నిజమైనచో దానిని చెరుపుట యెట్లు?" అనెను. జీవితమంతయు సత్యమును గూర్చి పాఠములు చెప్పిన మాకు ఆ ప్రశ్నకు ప్రత్యుత్తరము తోపలేదు. మరలి వచ్చి ఆ పనివాని చేతిలో 100 దిర్హములు పెట్టితిమి. రెండుమారులు వలదని, మూడవమారు తీసికొని, "బిడ్డకు ఫీజు కట్టాలె సారూ" అని నమస్కరించి పోయెను. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఆ సొమ్ము అతని నష్టమున కిచ్చితిమా, మా నెమ్మదికై యిచ్చితిమా యను సందేహము మమ్ము వదలలేదు.

ఇచట పుట్టు ప్రశ్నలను ఒక్కొక్కటిగా విచారింతము.

నిజము వ్రాయుట తప్పా? తప్పు కాదనియే మా మొదటి సమాధానము. కాని పాఠశాలలో మేము బాలునకు రెండు మార్కులు వేయునపుడు ఆ కాగితము మరల వాని చేతికే పోవును. వా డేల తప్పెనో కనుగొని దిద్దుట మా పని. అందుచేత మా మార్కు వానికి ఉపకారము. వసతిగృహమున మేమిచ్చిన మార్కు వాని చేతికి పోలేదు. వాని జీతమును లెక్కించువాని చేతికి పోయెను. ఇద్దరు జ్వరపడిరను సంగతి అందులో లేదు. ముగ్గురి పనిని ఒక్కనికి కట్టబెట్టినవాని పేరును అందులో లేదు. మా మాటలన్నియు నిజములే. మా తీర్పు మాత్రము నిజము కాలేదు. అడుగవలసినవాని నడుగక వ్రాసిన సత్యము సగపు సత్యము. మొదట ఆ మనుష్యునితో ఒక్క మాట యాడియుండినచో తువాళ్లును మారెడివి, బోనసును నిలిచెడిది.

వారికి జీతము ముట్టుచున్నది గదా, ఇక మన ఋణమేమి యని కొంద రడుగుదురు. పనికి వెల కలదు. మనుష్యునకు వెల లేదు. జర్మను తత్త్వవేత్త కాంటు 1785లో ప్రకటించిన తన నీతిశాస్త్రగ్రంథమున ఈ భేదమునే నిరూపించెను. వెల గలదానికి బదులుగ వేరొకటి తేవచ్చును. మనుష్యున కట్టి బదులు లేదనియు, వానిని కేవలము సాధనముగ వాడుకొనరాదనియు ఆయన సిద్ధాంతము. తాను పుట్టిన కొనిగ్స్‌బర్గు ప్రాంతమును విడిచి దూరదేశములకు పోనివా డాయన. ఒక్క శీతకాలమున మూడు దేశములు తిరిగిన మాకు ఆ మాట జ్ఞప్తి లేకపోయెను. మన శాస్త్రములు అతిథిని పూజింపుమన్నవి. తిథినియమము లేక వచ్చువాడు అతిథి యని పెద్దల వ్యుత్పత్తి. మేము రాకకును పోకకును తేదీలు నిర్ణయించుకొని, రసీదులు పుచ్చుకొని దిగినవారము, అతిథులము కాము. కాని సేవ పొందునపుడు మాత్రము అతిథికి గల గౌరవ మంతయు మాకు కావలెననుకొంటిమి. పూజ కోరినవాడు పూజించువాని ముఖమైనను చూడవలదా?

అట్లయినచో అట్టి తావులకు పోకుండుటయే మేలందురా? అదియు సరికాదు. మేము పోకున్న ఆ జగిత్యాలవాని బిడ్డకు ఫీజు చెల్లునా? కూడదని యింట కూర్చుండువాడు తన చేతులను శుభ్రముగ నుంచుకొనును. వాని పరిత్యాగమువలన ఆ పనివానికి కలుగు మేలు శూన్యము.

ఇక మమ్ము మిక్కిలి బాధించిన ప్రశ్న యొకటి కలదు. అతడు తెలుగువాడు కాకున్నచో మేము క్రిందికి దిగి అధికారి నడిగియుందుమా? ఎంత విచారించినను లేదనియే మా యంతరాత్మ చెప్పుచున్నది. అతడు నేపాళీయు డయినచో క్షమాపణను అందుకొని తలుపు వేసికొనియుందుము. కావున మాకు కలిగినది ధర్మబుద్ధి కాదు, స్వజనాభిమానము. మారిషసులో మెట్లపై కార్చిన కన్నీరును అట్టిదే. గతించినవారిని గూర్చి యేడ్చుట సులభము. వారు మనల నేమియు కోరరు.

ఇంతవరకు పరదేశపు కథ. ఇంటికి వచ్చిన మరునాడు మా గృహిణి నెలజీతముల లెక్క చెప్పుచుండెను. మా యింట పాత్రలు తోమి ఇల్లూడ్చు నామె పదునాలుగేండ్లనుండి మా కడనే యున్నది. ఆ నెల ఆమెకు నాలుగునాళ్ల జీతము తగ్గినట్లు లెక్కలో నుండెను. ఎన్నాళ్లు రాలేదని యడిగితిమి. రెండునా ళ్లనెను.

"రెండయినచో నాలుగేల తగ్గించితివి?"

"చెప్పకుండా మానేస్తే రోజుకు రెండు రోజుల జీతం పట్టుకోవాలని కిందటేడు మీరే రూలు పెట్టారు కదండీ!"

మా నోట మాట రాలేదు. తోటదొర కత్తిని మేము సముద్రము దాటిపోయి ప్రదర్శనశాలలో చూచి దుఃఖించితిమి; అది మా యింటి గూటిలోనే యుండెను. మారిషసులో దానిని గూర్చి వినుచున్నపుడైనను మేము పెట్టిన నియమము మాకు స్ఫురింపలేదు. మనుష్యుడు తన తప్పును ఇతరుల యింట గుర్తింపగలడు గాని తన యింట గుర్తింపలేడను మాటకు ఇంతకంటె దృష్టాంత మేల?

ఆ జీతమును మరల నిచ్చివేసితిమి. ఇకమీద ప్రతి యాదివారమును పనికి రానక్కరలేదని ఆమెతో చెప్పితిమి. ఆమె సంతోషించునని మేమనుకొంటిమి. ఆమె చీపురు క్రింద పెట్టి, భయముతో, "నన్ను మానిపించేస్తున్నారేంటి బాబుగారూ?" అని యడిగెను. పదునాలుగేండ్లలో సెలవన్నది ఆమెకు కోతగానో తొలగింపుగానో తప్ప వేరువిధముగ తెలియలేదు. జీత మేమాత్రమును తగ్గదని మా గృహిణి రెండుమూడుమారులు చెప్పినపిదప గాని ఆమెకు నమ్మిక కలుగలేదు.

ఆమె వెడలినపిదప మా గృహిణి, "మీరు ధర్మం చెప్పారు, బాగానే ఉంది. ఆదివారం గిన్నెలు ఎవరు తోముతారండీ?" అని యడిగెను. అప్పుడు గదా మాకు సెలవు అను మాట పూర్తిగ బోధపడినది! సెలవిచ్చుట నోటిమాట, ఆ సెలవు ఎవరిమీదనో వ్యయముగ పడి తీరును. మేము పనిమనిషికి దానము చేసితిమనుకొన్నది మా గృహిణి కష్టమునుండి తీసి యిచ్చినది. మేము విదేశయాత్ర చేసినపుడు మా సెలవును మా తోడి యుపాధ్యాయుడు భరించెను. ఇద్దరి జ్వరమును జగిత్యాలవాడు భరించెను. ఎవడు విశ్రమించినను తప్పు లేదు; ఆ విశ్రాంతి ఎవని వెన్నుపై నిలిచినదో విచారింపకుండుటయే తప్పు. తన చేతినుండి వ్యయము చేయక ఇతరుల చేతినుండి వ్యయము చేయించువాడు దాత కాడు, ఉదారు డసలే కాడు.

అందుచేత ఆదివారములందు పాత్రలు మేమే తోముచున్నాము. మొదట చుట్టుప్రక్కలవారు నవ్విరి. మా కుమారుడు సిగ్గుపడెను, ఇప్పు డొక్కొక్కప్పుడు వచ్చి చేయి కలుపుచున్నాడు. మాడిన గిన్నె నొకదానిని తోమినపిదప గాని, "ఇది సరిగా తోమలేదు" అని పదునాలుగేండ్లు మేమన్న మాటల బరువు మాకు తెలిసిరాలేదు. మా తోడి యుపాధ్యాయుడు కుమార్తె వివాహమునకు సెలవు పెట్టినపుడు ఆయన తరగతులను అడిగి తీసికొంటిమి. ఇవి గొప్ప కార్యములు కావు. ఆ దుబాయి పనివానికి పోయిన బోనసు వీనివలన తిరిగి రాదు. ఆ ఋణము మాపై నట్లే యున్నది.

2011లో జెనీవా నగరమున అంతర్జాతీయ కార్మికసంస్థవారి సభ, ఇండ్లలో పనిచేయువారికి వారమునకు 24 గంటల యెడతెగని విశ్రాంతి యుండవలెనని 189వ యొడంబడికలో తీర్మానించెను. చట్టములు రావలసినదే. కాని మా చదువరులలో ననేకుల యిండ్ల తలుపులు రేపు ఉదయముననే యొక స్త్రీ తట్టును. ఆమెకు వారమున కొకనాడు జీతముతోడి సెలవు కలదా? కలిగినచో ఆనాటి పనిని ఎవరు చేయుచున్నారు? ఈ రెండు ప్రశ్నలను ప్రతి గృహస్థుడును తన యింట వేసికొని, రెండవదానికి తన పేరునే యుత్తరముగ చెప్పగలుగు గాక యని ప్రార్థించి విరమించుచున్నాము.